కుందేలు కంట్లో నలుసు

కాశీ నుంచి తిరిగొచ్చిన రోజునే సాయిసుధకు అనుమానం మొదలైంది.

వెళ్ళేముందు ఆమె, భర్త సత్యప్రసాద్ తమ పెంపుడు కుందేలు ముత్యాన్ని పావని ఇంట్లో వదిలి వెళ్ళారు. పావని సత్యప్రసాద్‌కి సొంత అక్క. కడియం అవతల కాలవగట్టు పక్క పల్లెలో వాళ్ళది వ్యవసాయం, పాడి. పెద్ద పెరడు, ఎప్పుడూ మనుషులుండే ఇల్లు. ధవళేశ్వరంలో రెండు గదుల అద్దె వాటాలో పెరిగిన కుందేలుకు అక్కడ ఏ లోటూ ఉండదనుకున్నారు.

రైలు దిగి ఇల్లు చేరిన కాసేపటికే పావని ఆటోలో వచ్చి ముత్యం గూడు హాల్లో దించింది. మామూలుగా ఆవిడ వస్తే కాఫీ తాగి, వీధిలో అందరి సంగతులూ కనుక్కుని, పొద్దుగూకితే గానీ కదలదు. ఆ రోజు చెప్పులు కూడా విప్పలేదు.

"ఆటో అతను ఆగనంటున్నాడమ్మా. ఇదిగో, నీ కూతురిని నీకు అప్పజెప్పాను. కట్టలు కట్టలు కొత్తిమీర మేపాం," అంది.

"గంగాజలం, ప్రసాదం పట్టుకెళ్దురు గాని, ఒక్క నిమిషం కూర్చోండి వదినా."

"మళ్ళీ వస్తాలే."

కాశీ ప్రసాదానికి కూడా ఆగని పావనిని సాయిసుధ అదే మొదటిసారి చూడటం. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి గూడు తలుపు తీసింది. ఫ్రిజ్ తలుపు చప్పుడు వింటే చాలు, వెనక కాళ్ళ మీద నిలబడే కుందేలు. ఇప్పుడు మూలకు తిరిగి ముడుచుకు కూర్చుంది. కొత్తిమీర రెమ్మ ముక్కు దగ్గర పెడితే మొహం పక్కకి తిప్పుకుంది. అలా తిప్పినప్పుడు కనిపించింది కుడి కన్ను. సగం మూసుకుని ఉంది. రెప్ప అంచున పుసి కట్టింది. కంటి కింద తెల్ల బొచ్చు తడిసి, పోగులు పోగులుగా అతుక్కుపోయింది.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి."

సత్యప్రసాద్ స్నానం చేసి తుడుచుకుంటూ వచ్చాడు. "దుమ్ము పడి ఉంటుంది. తుడిస్తే పోతుంది," అన్నాడు.

తుడవడం సాయిసుధకు తెలుసు. మందుల షాపు నుంచి సెలైన్ సీసా తెప్పించి, అరచేతుల మధ్య పెట్టి చలువ పోగొట్టింది. పాత తువ్వాలులో కుందేలును మెడ దాకా చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ ముక్కను కంటి మీద కాసేపు ఆనించి, ఎండిన పుసి మెత్తబడ్డాక, ముక్కు వైపు నుంచి బయటికి మెల్లగా తుడిచింది. ఒకసారి తుడిచిన ముక్క పారేసి కొత్తది తీసుకుంది. రెండో ముక్క పెట్టబోయేసరికి కుందేలు తువ్వాలు చీల్చుకునేంత గట్టిగా తన్ని, ఆమె మణికట్టు మీద గీరి, సోఫా కిందికి దూరింది.

సాయిసుధ మణికట్టు చూసుకుంది. రెండేళ్ళుగా పెంచుతోంది. ముత్యం ఆమెను ఒక్కసారి కూడా గీరలేదు.

"ఏవండీ," అంది, సోఫా కిందికి చూస్తూ, "ఇది మన ముత్యం కాదేమో."

సత్యప్రసాద్ నవ్వాడు. "కుందేలుకి కూడా డూప్లికేటు ఉంటుందా?"

"తెల్ల బొచ్చు, ఎర్ర కళ్ళు. బజారులో ఉన్నవన్నీ ఇలాంటివే కదా. మనది చచ్చిపోతే ఇంకోటి కొని ఇస్తే ఎలా తెలుస్తుంది?"

అతని నవ్వు పోయింది. "మా అక్క అలాంటి పని చేస్తుందా?"

సాయిసుధకు తన ఆకుపచ్చ పట్టుచీర గుర్తొచ్చింది. ఎవరిదో పెళ్ళికి కట్టుకుంటానని పావని పట్టుకెళ్ళి, ఇస్త్రీ చేయించి మరీ తిరిగిచ్చింది. ఆరు నెలల తర్వాత విప్పి చూస్తే కుచ్చిళ్ళ దగ్గర జానెడు చిరుగు, దానికి కనపడీ కనపడకుండా రఫ్ఫు. పావని దాని గురించి ఒక్క మాట అనలేదు. సాయిసుధా అడగలేదు. ఆడపడుచుతో చీర కోసం గొడవేంటని ఊరుకుంది. ఊరుకుందే గానీ మర్చిపోలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసుకు బయల్దేరే ముందు పావనికి ఫోన్ చేసింది. ఎత్తింది పావని అత్తగారు అప్పాయమ్మ.

"అత్తయ్యగారూ, నేను సుధని. కుందేలు కన్ను బాలేదండి. మీ ఇంట్లో ఉన్నప్పుడే ఇలా ఉందా అని అడుగుదామని..."

"ఏ కుందేలమ్మా?" అంది అప్పాయమ్మ.

సాయిసుధ చెప్పు వేసుకోబోతూ ఆగిపోయింది. "ఏ కుందేలంటే? మా ముత్యమండి."

అవతల గుసగుస. ఎవరో ఫోన్ లాక్కున్న చప్పుడు. "సుధా, నేనమ్మా. ఆవిడకి చెవుడు, ఒకటంటే ఒకటి వింటుంది. కంటికేం, ఏదో దుమ్ము పడి ఉంటుంది. అదే సర్దుకుంటుంది. పాలవాడొచ్చాడు, మళ్ళీ చేస్తా," అని పావని ఫోన్ పెట్టేసింది.

వాళ్ళింట్లో ఆరు గేదెలున్నాయి. వాళ్ళకి పాలవాడేంటి?

ఆ రోజు ఆఫీసులో సాయిసుధ చేసిన పనేమీ లేదు. ఫైలు ముందుంచుకుని ఫోన్‌లో పాత ఫోటోలు పెద్దవి చేసి చూసింది. చెవులు, మూతి, మీసాలు. ఏ ఫోటో చూసినా తెల్లటి ముద్ద, రెండు ఎర్రటి చుక్కలు. తను ఇంత ప్రేమగా పెంచిన జీవాన్ని నలుగురిలో గుర్తుపట్టలేననుకుంటే సిగ్గేసింది. సిగ్గుతో పాటు పావని మీద కోపం కూడా పెరిగింది. మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చింది. కన్ను పొద్దుటికంటే ఎక్కువగా మూసుకుపోయి ఉంది. గూటిలో పెట్టిన గడ్డి పెట్టినట్టే ఉంది. ఇంక ఆగకుండా గూడు ఆటోలో పెట్టుకుని రాజమండ్రి బయల్దేరింది.

పశువుల డాక్టరు ఉదయ్‌భాస్కర్ రెండేళ్ళ కిందట ముత్యాన్ని ఒకసారి చూశాడు. టేబుల్ మీద తడిగుడ్డ పరిచి, కుందేలును దాని మీద కూర్చోబెట్టి, వేలితో రెప్ప కొద్దిగా ఎత్తి లైటు వేశాడు.

"కుందేళ్ళకి కంటి మూల ఇంకో పల్చటి రెప్ప ఉంటుందండి. నలుసు పడితే దాని వెనక్కి పోయి దాక్కుంటుంది. పైపైన తుడిస్తే రాదు," అన్నాడు.

కంటిని మొద్దుబార్చే మందు చుక్క వేసి, కాసేపాగి, సిరంజితో సెలైన్‌ను కంటి మూలలోకి సన్నగా వదిలాడు. రెండోసారికి నీళ్ళతో పాటు ఏదో జారి గుడ్డ మీద పడింది. వడ్ల పొట్టు ముక్క. బియ్యపు గింజలో సగం కూడా లేదు, అంచు మాత్రం సూదిలా ఉంది. తర్వాత పచ్చరంగు చుక్క వేసి నీలం లైటులో చూశాడు.

"చిన్న గీత పడింది. భయం లేదు. ఈ చుక్కలు వేయండి. ఇంతకు ముందు ఎవరైనా, ఏమైనా చుక్కలు వేశారా? మనుషులవి గానీ?"

"లేదండి. సెలైన్‌తో తుడిచానంతే."

"మంచిపని చేశారు. కొన్ని మందులు పడితే గీత మానదు సరికదా, పుండవుతుంది. అందుకే అడిగాను."

సాయిసుధ కుందేలును గూట్లో పెడుతూ, అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేసింది. "డాక్టరుగారూ, ఇది మా ముత్యమేనంటారా?"

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. హాస్యం కాదని అర్థమైంది. "ఆడదే. వయసూ సరిపోయేలానే ఉంది. అంతకంటే నేను చెప్పలేనండి. ఎందుకా అనుమానం?"

"దగ్గరికి రావట్లేదు. గీరుతోంది. తిండి తినట్లేదు."

"కంట్లో ముల్లు పెట్టుకుని ఎవరు తింటారండీ? నొప్పి తగ్గనివ్వండి."

ఆ మాట సబబుగానే ఉంది. కానీ ఆమె చూపు గుడ్డ మీది పొట్టు ముక్క మీదే ఉంది. ముత్యాన్ని గూటిలోంచి బయటికి వదలొద్దని పావనికి మరీ మరీ చెప్పింది. గూటిలో ఉన్న కుందేలు కంట్లోకి వడ్ల పొట్టు ఎలా వచ్చింది? ఏదో కొట్లో, పొట్టు పరిచిన బుట్టలో నాలుగింటితో పాటు పడి ఉన్నదైతే రావచ్చు.

ఆటో అతన్ని మెయిన్ రోడ్డు వెనక సందులోకి పోనిమ్మంది. చేపల తొట్లు, పిట్టలు, కుందేళ్ళు అమ్మే కొట్టు అక్కడ ఉంది. ముత్యాన్ని కొన్నది అక్కడే. కొట్టు నడిపే కిరణ్ కుమార్ గూటిలోకి తొంగి చూసి, "బాగా పెంచారండీ," అన్నాడు.

"ఈ మధ్య ఇలాంటి తెల్లది ఎవరైనా కొన్నారా?"

"తెల్లవి పోతూనే ఉంటాయండి. ఆ... పోయిన వారం ఒకావిడ వచ్చారు. ఫోన్‌లో ఫోటో చూపించి, అచ్చం ఇలాంటిదే, ఇంత సైజుదే కావాలన్నారు. పిల్లలున్నాయంటే వద్దన్నారు. నేను వేరే చోటి నుంచి తెప్పించి మరీ ఇచ్చాను."

"ఆవిడ ఎలా ఉంటారు?"

"కొంచెం లావుగా, పెద్ద బొట్టు. మాటకి ముందు 'నాయనా' అంటారండి."

మాటకి ముందు నాయనా అనేది పావనే. సాయిసుధ గూడు మీద చెయ్యి వేసి నిలబడింది. లోపలున్న కుందేలు ఒంటికన్నుతో ఆమెను చూసింది. ఆ క్షణంలో దాని మీద జాలి కూడా కలగలేదు. నువ్వెవరే, మా ముత్యం ఏమైంది, అని అడగాలనిపించింది.

ఆటోలోంచే భర్తకు ఫోన్ చేసింది. "మీ అక్క కొత్త కుందేలు కొన్నారు. కొట్టతను చెప్పాడు. నేను ఇప్పుడే వాళ్ళ ఊరు వెళ్తున్నాను."

"ఆగు సుధా, నేను బ్యాంకు నుంచి రానీ. ఇద్దరం వెళ్దాం. నువ్వు కోపంలో ఏదో ఒకటి అనేస్తావు."

"అనాల్సినవే అంటాను," అని పెట్టేసింది.

కడియం నర్సరీలు దాటాక కాలవగట్టు రోడ్డు. అప్పుడే కోతలు అయ్యాయి. రోడ్డు పక్క పరదాల మీద ధాన్యం ఆరబోశారు. గాలికి లేస్తున్న నూగు ఆటోలోకి కొట్టి గొంతు గరగరలాడింది. ఆమె కొంగు తీసి గూడు మీద కప్పింది. ఎవరిదైనా, కన్ను కన్నే.

పావని ఇంట్లో వీధి తలుపు తీసే ఉంది. గూడు ఆటోలోనే ఉంచి, పిలవకుండా పెరట్లోకి నడిచింది. గేదెల సావిడి పక్కన కొత్త గడ్డిమేటు, దాని ముందు మంచం మీద అప్పాయమ్మ. ఆవిడ ఒళ్ళో తెల్ల కుందేలు. రెండు కళ్ళూ నిగనిగలాడుతున్నాయి. ఆవిడ చేతిలోని బెండకాయ ముక్కను టకటకా కొరుకుతోంది.

సాయిసుధకు ఇంకేమీ కనిపించలేదు. తన ముత్యం చావలేదు, బతికే ఉంది! మంచిదాన్ని ఉంచేసుకుని, కన్ను పాడైనదాన్ని తనకి అంటగట్టారన్నమాట. ఒక్క ఊపున వెళ్ళి కుందేలును ఎత్తుకుంది.

"అమ్మాయ్, మెల్లగా!" అంది అప్పాయమ్మ కంగారుగా.

పాలబిందెతో సావిట్లోంచి వచ్చిన పావని అక్కడే నిలబడిపోయింది.

"ఇది నాది," అంది సాయిసుధ. "నాది ఉంచుకుని బజారుది ఇచ్చారు. కొట్టతను అంతా చెప్పాడు. అడిగితే ఇచ్చేదాన్ని కదా వదినా. ఇంత మోసం ఎందుకు?"

పావని బిందె కింద పెట్టింది. మొహం ఎర్రబడింది. "మోసమా? దాన్ని తిరగేసి చూడు."

"ఏంటి చూసేది?"

"చూడమంటున్నాగా. పొలం ఇంట్లో పుట్టినదాన్ని, దూడ ఆడో మగో నాకు తెలీదా? నీది ఆడది. అది మగది."

సాయిసుధ చూసింది. పావని చెప్పినట్టే ఉంది, అనుమానానికి తావే లేదు. చేతుల్లో ఉన్నది ఎవరో పరాయి కుందేలు. అది మాత్రం ఏ కొత్తా లేకుండా ఆమె జాకెట్టు హుక్కు వాసన చూస్తోంది.

"మరి... ఇది ఎందుకు కొన్నారు?"

పావని అరుగు మీద కూలబడింది. గబగబా చెప్పేసింది.

"ఎండలో తిరుగుతుందని గూడు తలుపు తీశా. నువ్వు వద్దన్నావు, నాకు గుర్తుంది. కుక్క మొరిగేసరికి బెదిరి ఎటో పోయింది. ఊరంతా వెతికాం. కాలవ గట్టంతా వెతికాం. నువ్వేమో కాశీ నుంచి రోజూ మెసేజ్, ముత్యం ఎలా ఉందీ, ముత్యం ఎలా ఉందీ అని. ఏం చెప్పను? కొట్టుకెళ్ళి, ఆడది దొరక్కపోతే ఇది కొన్నా. అవును, నీకు ఇదే ఇచ్చేద్దామనుకున్నా. అబద్ధమెందుకు. ఆ తర్వాత మీ అన్నయ్యగారు గేదెలకి గడ్డి లాగుతుంటే, మేటు లోపల బొరియ చేసుకుని కూర్చునుంది నీ ముత్యం. బిక్కచచ్చిపోయి ఉంది. ఒళ్ళంతా పొట్టు, కన్ను మూసుకుపోయి."

"అప్పుడైనా చెప్పాల్సింది."

"ఏం మొహం పెట్టుకుని చెప్పను? దీన్నే ఇచ్చేస్తే నీకు ఈ జన్మలో తెలిసేది కాదు సుధా. చక్కగా తింటుంది, ఎవరొచ్చినా ఒళ్ళోకి ఎక్కుతుంది. కానీ మనసొప్పలేదు. కన్ను పాడైనా సరే, నీది నీకే తెచ్చిచ్చా. దానికి నువ్వు మోసమన్నావు."

సాయిసుధ ఏదో అనబోయింది. అంతలో అప్పాయమ్మ అందుకుంది. "వైద్యం కూడా చేసింది తల్లీ, ఊరికే వదిలేయలేదు. నా కంటి చుక్కలే రెండు పూటలా వేసింది."

"ఏ చుక్కలు?"

"శుక్లం ఆపరేషన్ అయ్యాక నాకిచ్చారే, అవి."

సాయిసుధ చేతుల్లోని కుందేలును మంచం మీద దించేసింది. "ఆ సీసా ఎక్కడుంది వదినా? తొందరగా తీసుకురండి."

పావనికి అర్థం కాలేదు గానీ ఆ గొంతు విని పరుగెత్తింది. సాయిసుధ సీసా మీది పేరు ఫోటో తీసి డాక్టరుకు పంపి, వెంటనే ఫోన్ చేసింది. ఉదయ్‌భాస్కర్ ఫోటో చూశాడు. "సరిగ్గా అదే, గీత పడ్డ కంట్లో వేయకూడని మందండి. ఎన్నిసార్లు వేశారో కనుక్కోండి. కుందేలును ఇప్పుడే తీసుకొచ్చేయండి, ఇంకోసారి చూడాలి. మందు మారుస్తాను."

వీధిలో ఆటో ఆగే ఉంది. సాయిసుధ ఎక్కింది. పావని పాల చేతులు చీరకు తుడుచుకుని, పిలవకుండానే వచ్చి పక్కన కూర్చుంది. గూడు ఇద్దరి మోకాళ్ళ మీదా ఉంది.

"నాకు తెలీదమ్మా," అంది పావని, కడియం దాటాక. "ఆవిడ కన్ను బాగైంది కదా, దీనికీ బాగవుతుందనుకున్నా."

"మందులు వేశారా అని డాక్టరు అడిగారు వదినా. లేదని చెప్పాను. నాకు తెలిస్తే కదా చెప్పడానికి?"

పావని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి అంది: "నువ్వు మాత్రం నన్ను అడిగావా? కొట్టువాణ్ణి అడిగావు. నా గురించి వాణ్ణి అడిగావు."

అడిగితే నిజం చెప్పేవారా, అని సాయిసుధ నోటి దాకా వచ్చింది. చీర సంగతీ వచ్చింది. రెండూ మింగేసింది. ఆటో కుదుపుకి గూడు జారబోతే ఇద్దరి చేతులూ ఒకేసారి పట్టుకున్నాయి.

ఆసుపత్రికి సత్యప్రసాద్ కూడా వచ్చాడు. అక్కనూ భార్యనూ మార్చి మార్చి చూసి, ఏమీ అడక్కుండా బెంచీ మీద కూర్చున్నాడు. డాక్టరు మళ్ళీ పచ్చరంగు వేసి, ఈసారి చాలాసేపు చూశాడు. ఎన్ని చుక్కలు, ఏ పూట అని పావనినే అడిగాడు. పావని ఏదీ దాచకుండా చెప్పింది.

"పుండు కాలేదు. అదృష్టం," అన్నాడు. "కానీ మానడానికి టైము పడుతుంది. మళ్ళీ మళ్ళీ తీసుకురావాలి. రోజూ తుడిచి చుక్కలు వేయడానికి ఇద్దరుండాలండి, ఒకరు పట్టుకోవాలి, ఒకరు వేయాలి. ఇది బెదిరిపోయి ఉంది."

సత్యప్రసాద్‌కి బ్యాంకులో పొద్దున్నే పని. పావని తనే వస్తానంది. వస్తుందని సాయిసుధ నమ్మలేదు. కానీ మర్నాడు తెల్లారేసరికి పాల క్యానుతో పాటు గుమ్మంలో ఉంది. తువ్వాలు చుట్టి కుందేలును ఒళ్ళో బిగించి పట్టుకుంది. దూడలకి మందు పట్టించిన చేతులవి, ఎక్కడ ఎంత నొక్కాలో తెలుసు. సాయిసుధ పుసి తుడిచి చుక్క వేసింది. మొదట్లో ఇద్దరూ కుందేలుతోనే మాట్లాడారు. "ఉండవే తల్లీ" అని ఆవిడ, "అయిపోయింది, అయిపోయింది" అని ఈమె. నాలుగైదు రోజులకు కాశీ సంగతులు వచ్చాయి. ప్రసాదం పొట్లం పావని సంచిలోకి వెళ్ళింది.

ఒక పొద్దున సాయిసుధ ఫ్రిజ్ తెరిస్తే వెనక చిన్న చప్పుడైంది. ముత్యం గూటి తలుపు దగ్గర వెనక కాళ్ళ మీద లేచి నిలబడి ఉంది. రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి. కుడి కంటిలో పొగ చూరినట్టు సన్నటి మచ్చ ఒకటి మిగిలింది. చూపుకి అడ్డం రాదని డాక్టరు చెప్పాడు. ఆ మచ్చ వల్ల ఇకమీదట ముత్యాన్ని ఎన్ని తెల్ల కుందేళ్ళలో కలిపినా గుర్తుపట్టగలనని సాయిసుధ అనుకుంది. ఆ సంగతి పావనికి మాత్రం చెప్పలేదు.

వేసవికి అరకు వెళ్దామని సత్యప్రసాద్ టిక్కెట్లు చూస్తున్నాడు. "మరి ముత్యం?" అన్నాడు, భార్య మొహం చూడకుండా.

సాయిసుధ చేతిలోని కొత్తిమీర కట్ట సగం ఒలిచి పక్కన పెట్టింది.

"వదిన దగ్గరే. ఇంకెక్కడ వదులుతాం?" అంది. కాసేపాగి, "రోజూ పొద్దున వీడియో కాల్ చెయ్యమనండి. ఫోటో కాదు, వీడియో," అంది.